రిక్రూట్ వింతగా ప్రవర్తిస్తే

తమ్ముడూ,

మొత్తానికి సైన్యంలో కొత్తగా చేరిన రిక్రూట్ల బ్యాచ్ ఒకటి శిక్షణకు నీ చేతికి వచ్చిందన్నమాట. డ్రిల్లు, ఆయుధాలు నీకు నేను నేర్పేదేముంది? రిక్రూట్లు చేసే తిక్క పనుల సంగతి మాత్రం కాస్త చెప్పాలి. మొదటి వారాల్లో నవ్వాలో అరవాలో తెలియనివి బోలెడు కనబడతాయి. చాలావాటి వెనక ఉండేది భయమో, నిద్రలేమో. కొన్నింటికి మాత్రం నువ్వు పరుగెత్తాలి. ఏది ఏదో పోల్చుకోవడమే నీ పని.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నడుస్తున్నవాడే డ్రిల్ గ్రౌండ్‌లోకి రాగానే కుడికాలుతో పాటు కుడిచెయ్యే ఊపుతాడు. తన నడకను తనే గమనించుకోవడం మొదలుపెట్టాడు, అంతే. మీద పడి అరిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. పక్కకు తీసుకెళ్లి చేతులు వదిలేసి మామూలుగా నడవమను, ఆ ఊపులోనే కాషన్ (డ్రిల్లు ఆదేశం) ఇవ్వు.

ఇంకొకడు నువ్వు ముఖంలో ముఖం పెట్టి అరుస్తుంటే నవ్వేస్తాడు. పొగరనుకోకు. భయం వేస్తే కొందరికి నవ్వే వస్తుంది. పక్కవాడి బూట్లు చూస్తున్నట్టు రెండడుగులు జరుగు, ఈలోగా తేరుకుంటాడు.

ఇన్‌స్పెక్షన్ కోసం సర్దిన పక్క చెదురుతుందని నేల మీద పడుకునేవాళ్లుంటారు. చూపించడానికి ఒక బ్రష్షు, తోముకోవడానికి ఒక బ్రష్షు పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఈ తెలివి చూస్తే నాకు లోలోపల ముచ్చటేసేది. బ్రష్షుల సంగతి చూసీ చూడనట్టు ఊరుకో. నేల నిద్ర మాత్రం సాగనివ్వకు, రాత్రి ఒక చుట్టు తిరిగి అందరినీ మంచాలెక్కించు. నిద్ర చాలనివాడు క్లాసులో నిలబడే కునుకు తీస్తాడు. అలాంటివాడి చేతికి రైఫిల్ ఇచ్చి కాల్పులు నేర్పే రేంజ్‌కి పంపడం నీకే ప్రమాదం. ఎవడైనా నిద్రలో లేచి నడుస్తుంటే గట్టిగా కుదపకుండా మెల్లగా మంచం దాకా నడిపించి, తెల్లారగానే డాక్టర్‌కి చెప్పు.

పరేడ్‌లో మోకాళ్లు బిగించి ఎక్కువసేపు నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. ముఖం పాలిపోయి ఊగుతున్నవాడిని పడకముందే కూర్చోబెట్టు. బూట్ల లోపల వేళ్లు కదుపుతూ ఉండమని ముందే నేర్పు.

ఇక ఎండ. ఇది శ్రద్ధగా చదువు. పరుగులోనో లాంగ్ మార్చ్‌లోనో వడదెబ్బ తగిలినవాడు కుప్పకూలేలోపే మనిషి మారిపోతాడు. నిన్నటిదాకా నోరెత్తనివాడు బూతులు తిడతాడు. హెల్మెట్ తీసి విసిరేస్తాడు, లైను వదిలి ఎటో నడిచిపోతాడు. ఇది క్రమశిక్షణ సమస్య అనుకుని పుషప్స్ కొట్టించావో, ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఏ చోటు, నీ ప్లటూన్ (దళం) ఏది అని అడుగు. జవాబు తడబడితే వడదెబ్బ కిందే లెక్క. చెమట పడుతోందిగా అని ధీమా పడకు, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటినా నుదుటి మీదో చంకలోనో పెట్టిన థర్మామీటర్ తక్కువ చూపించొచ్చు. బరువులు విప్పించి అక్కడికక్కడే చల్లని నీళ్లలో ముంచు. తొట్టి లేకపోతే ఐసు నీళ్లలో తడిపిన దుప్పట్లు చుట్టి మార్చుతూ ఉండు. ముందు చల్లబరచడం, తర్వాతే ఆస్పత్రికి తరలించడం. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, అందుకే కొత్త బ్యాచ్‌లోనే భయం ఎక్కువ.

ఇదే తడబాటు నీళ్లు మితిమీరి తాగినా వస్తుంది, వాంతులూ తోడవుతాయి. అమెరికా సైన్యం గంటకు సుమారు 1.4 లీటర్లు మించవద్దని హద్దు పెట్టింది. అందుకని ఎన్ని బాటిళ్లు తాగాడో పక్కవాడిని అడిగి డాక్టర్‌కి చెప్పు. నీళ్లు తాగించడాన్ని శిక్షగా ఎప్పుడూ వాడకు.

నొప్పి దాచేవాళ్లనీ కనిపెట్టాలి. జూనియర్ బ్యాచ్‌లోకి తోసేస్తారన్న భయంతో ఎముక చిట్లినా కుంటుతూనే పరుగెడతారు. మెట్లు దిగేటప్పుడు చూడు, తెలిసిపోతుంది. వ్యాయామం తర్వాత మూత్రం ముదురు టీ రంగులో వస్తే దాచొద్దని మొదటి రోజే అందరికీ చెప్పు. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీదికి వచ్చే జబ్బు అది.

గలగలా మాట్లాడేవాడు ఉన్నట్టుండి మౌనమైపోయి తన వస్తువులు పంచిపెడుతున్నాడంటే పక్కకు పిలిచి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నాడంటే వాడిని ఒంటరిగా వదలకు, ఆయుధం దగ్గరికి పోనివ్వకు, డాక్టర్ దగ్గరికి నువ్వే తీసుకెళ్లు.

ఒకడి వింతకు ప్లటూన్ మొత్తాన్ని దండించాలని చెయ్యి దురద పెట్టినప్పుడు రిబ్బన్ క్రీక్ గుర్తు తెచ్చుకో. 1956 ఏప్రిల్ 8 రాత్రి, అమెరికా మెరైన్ల పారిస్ ఐలాండ్ కేంద్రంలో, క్రమశిక్షణ నేర్పాలని ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ తన ప్లటూన్‌ని ఆ వాగులోకి నడిపించాడు. ఆరుగురు మునిగిపోయారు.

మీ మొదటి లాంగ్ మార్చ్ తేదీ ఖరారు కాగానే రాయి. ఐసు ఎక్కడ ఉంచుతారో, అంబులెన్స్ ఏ దారిన వస్తుందో ఈలోపే మెడికల్ వాళ్లతో మాట్లాడి పెట్టుకో.

ఉంటాను,
అన్నయ్య