పాప ఎడమ చెయ్యి ఆగకుండా అదురుతోంది, ఈఈజీ నార్మల్: సమాధానం

ఎనిమిదేళ్ల పాప ఎడమ చెయ్యి వారాలుగా అదురుతోంది, రెండు మందులు వాడినా తగ్గలేదు, ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) నార్మల్ వచ్చింది, ఇదేమిటి అన్నది ప్రశ్న. ఈఈజీ నార్మల్ అన్నంత మాత్రాన మూర్ఛ కాదనుకోకండి. ఇది ఎపిలెప్సియా పార్షియాలిస్ కంటిన్యువా, అంటే శరీరంలో ఒకే చోట ఆగకుండా సాగే ఫిట్స్ కావచ్చు. మెదడులో చాలా చిన్న చోట పుట్టే ఫిట్స్ తలమీది ఎలక్ట్రోడ్లకు అందకపోవచ్చు. ఎనిమిదేళ్ల వయసులో దీని వెనుక ముందుగా అనుమానించాల్సింది రాస్ముసెన్ ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడులో ఒక సగానికే వచ్చే దీర్ఘకాలిక వాపు.

అందరూ వదిలేసేది నిద్రలో వీడియో.

1. పాప బాగా నిద్రపోయాక దుప్పటి తీసి, లైటు వేసి, ముఖం, రెండు చేతులూ కనబడేలా రెండు నిమిషాలు తీయండి. మెలకువలో మరొకటి. మూర్ఛ కాని కదలికలు, అంటే కొరియా (chorea, చేతులు కాళ్లు వాటంతటవే మెలితిరగడం), టిక్స్ (పదేపదే వచ్చే చిన్న కుదుపులు), నిద్రలో చాలావరకు తగ్గుతాయి. ఈ అదురు తరచుగా నిద్రలోనూ ఉంటుంది. డాక్టరు ఆలోచన మారేది ఇక్కడే.

2. ఎంఆర్ఐ రిపోర్టు కాగితం చాలదు, సీడీ తీసుకెళ్లండి. మొదటి స్కాన్ నార్మల్‌గా ఉండొచ్చు. కొన్ని నెలల తర్వాత మళ్లీ తీయించి, మెదడు కుడివైపు (ఎడమ చేతిని నడిపేది అదే) కాడేట్, ఇన్సులా అనే భాగాల చుట్టూ కుంచించుకుపోయిందేమో పాతదానితో పోల్చమని అడగండి.

3. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు రాస్తే, పోల్జీ (POLG) అనే జన్యువులో లోపం ఉందేమో ఆలోచించారా అని తప్పక అడగండి. ఆ లోపం ఉంటే ఈ మందు వల్ల లివర్ దెబ్బతినొచ్చు.

ఇవి పట్టుకుని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) న్యూరాలజీ ఓపీకి వెళ్లండి. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీలు) జబ్బును నెమ్మదింపజేయొచ్చు. చెయ్యి బలహీనపడుతుంటే హెమిస్ఫెరాటమీ (జబ్బున్న సగం మెదడును మిగతా దానినుంచి వేరు చేసే ఆపరేషన్) గురించి ఆలస్యం చేయకుండా అడగండి, తిరువనంతపురం శ్రీ చిత్ర ఆసుపత్రిలో మూర్ఛ సర్జరీలు చేస్తారు.

ఉన్న మందులు సొంతంగా ఆపొద్దు. ఒళ్లంతా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే 108.