విశ్రాంతిలో ‘ప్రవేశించడం’ తెలుగేనా?

సందేహం: మా పాస్టరుగారు ‘క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లనే విశ్రాంతిలో ప్రవేశిస్తాం’ అంటుంటారు. విశ్రాంతి తీసుకుంటాం గానీ, అందులో ప్రవేశించడమేమిటి? క్రియ అంటే వ్యాకరణంలోది కదా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: తర్జుమా తెలుగేనమ్మా. అయితే మీరు తప్పుపట్టని ‘విశ్రాంతి తీసుకోవడం’ కూడా ఇంగ్లీషు వాసనదేనని నా అనుమానం. విశ్రమించడం, అలుపు తీర్చుకోవడం, సేదదీరడం మనకు ఎప్పటినుంచో ఉన్నాయి.

‘ప్రవేశించడం’ వెనక మాత్రం కారణముంది. ఈ మాట బైబిల్లోని హెబ్రీ పత్రిక (పత్రిక అంటే ఇక్కడ లేఖ) 4వ అధ్యాయంలోది. దానికి ఆధారం 95వ కీర్తన. ఐగుప్తు (ఈజిప్టు) విడిచి నలభై ఏళ్లు ఎడారిలో తిరిగిన ఇశ్రాయేలీయుల గురించి ‘వీరు నా విశ్రాంతిలో ప్రవేశింపకూడదు’ అని దేవుడు ప్రమాణం చేసినట్టు అందులో ఉంది. వాళ్లు వెళ్లాల్సింది దేవుడు ఇస్తానన్న కనాను దేశానికి. అంటే అక్కడ విశ్రాంతి ఒక చోటు. హెబ్రీ పత్రిక ఆ చోటును విశ్వాసికి దొరికే నెమ్మదిగా మార్చి, ‘ప్రవేశించు’ను అలాగే ఉంచేసింది.

ఇక క్రియ. సంస్కృతంలో చేసే పనల్లా క్రియే. అంత్యక్రియల్లో ఉన్నదీ అదే, వ్యాకరణం వాడుకున్నదీ దాన్నే. గ్రీకు మూలంలోని ‘ఎర్గోన్’ (పని) అనే మాటను తెలుగు బైబిల్ ఎఫెసీ 2:9లో ‘క్రియలు’ అంది, హెబ్రీ 4:10లో ‘కార్యములు’ అంది. రక్షణను, అంటే పాపం నుంచి విముక్తిని, సంపాదించుకోవడానికి చేసే పనులని అక్కడ అర్థం. వంటా సేద్యమూ మానమని కాదు. ఎఫెసీలోనే మరుసటి వచనం సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డామంటుంది. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక ఇంకాస్త గట్టిగానే చెప్పింది.

నాకు ముచ్చట గొలిపేది విశ్రాంతి అనే మాటే. శ్రాంతి అంటే అలసట. ముందు ‘వి’ చేరితే ఆ అలసట పోవడం. కడప మార్కెట్ యార్డులో పసుపు బస్తా దించిన హమాలీని చూడండి. తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుని, ‘హమ్మయ్య’ అని ఒక్క ఊపిరి వదులుతాడు. పని అయిపోలేదు, లారీలో ఇంకా బస్తాలున్నాయి. మత్తయి 11:28లో ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న’ వాళ్లకు యేసు ఇస్తానన్న విశ్రాంతిని నేను ఆ ఊపిరితోనే అర్థం చేసుకుంటాను. ‘విశ్వాసం’లోనూ ఊపిరే ఉంది: వి, శ్వస్. భయం లేకుండా ఊపిరి పీల్చుకోవడమని మూలార్థం. మన వాడుకలో అది కుక్కకే ఎక్కువగా అంటగట్టాం, అది వేరే కథ.

పాస్టరుగారి వాక్యంలో నేను దిద్దేది ఒక్క అక్షరం. గ్రాంథికంలో ‘విశ్రాంతిలో ప్రవేశించు’ సరే, ఈనాటి మాటల్లో ‘విశ్రాంతిలోకి’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది.