వేలు ఆనే చోట మొదలుపెట్టు

చిరంజీవి అమ్మలుకు బాబాయి ఆశీస్సులు.

నీ ఫైనల్ ఇయర్ ఎగ్జిబిషన్ కోసం రాసుకున్నది చదివాను. ఫోనులోని బతుక్కీ, బయటి బతుక్కీ నడుమ ఏం జరుగుతోందో చూపించాలన్న నీ తపన నాకు బాగా నచ్చింది. కానీ నాలుగు ప్రొజెక్టర్లు, వీఆర్ కళ్లద్దాలు, చీకటి గది అన్నావే, అవి మాత్రం వద్దు. వచ్చినవాళ్లు ఇంకో తెర చూసి వెళ్లిపోతారు.

2020లో సైమన్ వెకెర్ట్ అనే కళాకారుడు బెర్లిన్‌లో ఏం చేశాడో చూడు. చిన్న లాగుడు బండిలో 99 పాత స్మార్ట్‌ఫోన్లు వేసుకుని, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిచాడు. అన్ని ఫోన్లు ఒకేచోట నత్తనడకన కదులుతుంటే గూగుల్ మ్యాప్స్ దాన్ని ట్రాఫిక్ జామ్ అనుకుని, వీధిని ఎర్రగా చూపించింది. అక్కడున్నది ఒక మనిషి, ఒక బండి. మ్యాపును నమ్మినవాళ్లు మాత్రం ఆ ఎరుపు చూసి వేరే సందులోకి తిరుగుతారు. లేని జామ్ నిజం రోడ్డును ఖాళీ చేయగలదని నిరూపించడానికి అతనికి నడక చాలింది. నాకు ఆ పని అంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

మన దగ్గర అలాంటి చోటు రేషన్ షాపు. ఏ పనీ మొదలుపెట్టకముందు ఒక పూట అక్కడ కూర్చో. ఏళ్ల తరబడి నాట్లు వేసి, అంట్లు తోమి, బీడీలు చుట్టి బొటనవేలి గీతలు అరిగిపోయిన ముసలమ్మ మిషన్ మీద వేలు పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ నొక్కుతుంది. డీలరు “ఇంకో వేలు పెట్టమ్మా” అంటాడు. ఊరంతా ఎరిగిన మనిషి, తానే తానని ఆ చిన్న గాజు ముక్కకు రుజువు చూపించుకోవాలి. నువ్వు వెతికే నడిమి చోటు ఆ గాజుకీ చర్మానికీ మధ్యే ఉంది. ఆ తుడుచుకోవడం, ఆ నొక్కడం బొగ్గుతో పెద్ద కాగితాల మీద గీసుకుంటూ పో. తెర అవసరమో కాదో ఆ బొమ్మలే చెబుతాయి.

ఒక జాగ్రత్త. ఎవరి వేలిముద్రా కాగితం మీద తీసుకోకు, ఫోటో కూడా తీయకు. రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రలతో నకిలీ వేళ్లు తయారుచేసి, వేలిముద్ర పెడితే డబ్బిచ్చే ఆధార్ చెల్లింపుల దారిలో బ్యాంకు డబ్బు కాజేసిన కేసులు ఉన్నాయి. ముద్ర కావాలనిపిస్తే ఎవాన్ రాత్ అనే కళాకారుడి పద్ధతి పట్టుకో. ఆయన ఫోను మీద ట్రేసింగ్ పేపరు పరిచి, ఇంకు రాసిన వేలితో రోజూ చేసే పనులే చేసి, ఆ మరకల్ని బొమ్మలుగా పెట్టాడు. నువ్వూ నీ వేలితోనే చెయ్యి. జరిపిన చోట చార పడుతుంది. నొక్కిన చోట గీతలు స్పష్టంగా పడితే మాత్రం ఆరకముందే చెరిపెయ్యి.

షాపులో గీసుకుంటానని డీలరుతో పాటు వరసలో నిలబడ్డవాళ్లనూ అడుగు, వద్దంటే పుస్తకం మూసెయ్యి. ముఖాలు గీయకు, చేతులు చాలు. ఎగ్జిబిషన్ హాల్లో నెట్ రాకపోయినా, కరెంటు పోయినా పని నిలబడేలా చూసుకో. ఒకవేళ మిషన్ పెడితే వైర్లు దాచకు, అవీ అందులో భాగమే.

మొదటి పది బొమ్మలు గీశాక, బాగున్నవీ బాగోలేనివీ అన్నీ నాకు పంపు.

మీ బాబాయి