ఎన్నారై సందేహాలు: పెళ్లుంగరంలో తెలుగు చెక్కించుకోవచ్చా?

ప్రశ్న: మేమిద్దరం నిరుడు యూకే వచ్చాం. నాది ఐటీ, తను ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో) నర్సు. వచ్చే మేలో గుంటూరులో పెళ్లి. అందరూ కొనే ఉంగరాలు కాకుండా మాకంటూ ఒక అర్థం ఉండేలా ఇక్కడే చేయించుకోవాలని ఉంది. లోపల తెలుగులో ఒక మాట, పెళ్లి తేదీ చెక్కించాలని, అమ్మమ్మ ఇచ్చిన పాత బంగారు గాజు కరిగించి వాడాలని ఆలోచన. ఎంతవుతుంది? మంచిదేనా?

జవాబు: తమ్ముడూ, మీ ప్రశ్న చదివి వినిపిస్తే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. “ముందు మీ బ్రహ్మముడి కథ చెప్పండి, తర్వాత సలహాలిద్దురు గాని” అంది. సరే, చెబుతాను.

2009 జనవరి. నేను వచ్చి ఏడాది కూడా కాలేదు, చేతిలో జీతం కొత్త. మేలో పెళ్లి కుదిరింది. బర్మింగ్‌హామ్‌లో జ్యువెలరీ క్వార్టర్ అని ఒక పేట ఉంది, వీధికి రెండు పక్కలా బంగారం కొట్లే. అక్కడో వర్క్‌షాప్‌లో రెండు ఉంగరాలకు ఆర్డరిచ్చాను. రెండూ కలిపి 420 పౌండ్లు. అప్పట్లో పౌండు డెబ్బై రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. ముప్పై వేలు! రాత్రి నిద్ర పట్టలేదు. అయినా పెళ్లి కదా అని సరిపెట్టుకున్నాను.

లోపల “బ్రహ్మముడి” అని చెక్కమన్నాను. కొంగుకీ కొంగుకీ వేసే ముడి వేలికి కూడా ఉండాలని నా కవిత్వం. కంప్యూటర్లో తెలుగులో టైపు చేసి మెయిల్ పెట్టాను. నా స్క్రీన్ మీద ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. ఉంగరం వచ్చాక భూతద్దం పెట్టి చూస్తే బకారం కింద ఉండాల్సిన క్రావడి లేదు, పక్కన పెద్ద రకారం వచ్చి నిలబడింది. మవత్తు కూడా అంతే, హకారం కింద నుంచి లేచి వరసలోకి వచ్చేసింది. డకారం మీద గుడి ఊడిపోయి పక్కన ఒంటరిగా ఉంది. వాళ్ల మెషీన్‌లోని సాఫ్ట్‌వేర్‌కు మన ఒత్తులు కలపడం రాదు. చెక్కినాయనకు తెలుగు రాదు, ఆయన తప్పేముంది? “మీరు పంపిన ఫైలే మెషీన్‌కి ఇచ్చాం” అన్నారు. పేరో మాటో చెక్కించి ప్రత్యేకంగా చేయించుకున్న వస్తువుకి మనసు మార్చుకుని తిప్పి ఇచ్చే హక్కు వర్తించదు, ఇప్పుడు కూడా అంతే. అరగదీసి మళ్లీ చెక్కడానికి ఇంకో 45 పౌండ్లు.

కాబట్టి టైపు చేసి పంపొద్దు. తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి, స్కాన్ చేసి, బొమ్మగా పంపండి. చెక్కే ముందు నమూనా చూపించమని అడగండి. అసలు ఒత్తులు లేని మాట ఎంచుకుంటే ఇంకా నయం. నాలుగు మిల్లీమీటర్ల పట్టీలో అక్షరం ఎత్తు రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. అందులో పైన గుడి, కింద ఒత్తు ఇరికిస్తే ఏ అక్షరమో చీమకైనా అర్థం కాదు. “మనం”, “నీతో” లాంటివి చక్కగా పడతాయి. ఇప్పటి పిల్లలు వేలిముద్రలు, ఊరి అక్షాంశ రేఖాంశాలు చెక్కిస్తున్నారు. మా పరిచయస్థుడొకడు తెనాలి అని 80.64 ఉత్తరం, 16.24 తూర్పు అని వేయించుకున్నాడు. అంకెలు తారుమారు. ఆ లెక్కన వాడి సొంతూరు నార్వేకి పైన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర మంచు సముద్రంలో ఉంది. దానికి వంద పౌండ్లు పోశాడు.

తేదీ సంగతి. మన శుభలేఖల్లో “శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం” అని ఉంటుంది చూశారా, అక్కడే వచ్చింది నాకు చిక్కు. ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకి. నేను శనివారం తేదీ చెక్కించాను. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఆదివారం తేదీ ఉంది. వీసా వాళ్లు ఉంగరం చూడరు గాని పెళ్లాం చూస్తుంది, ఏటా చూస్తుంది. నన్నడిగితే తిథి చెక్కించండి అంటాను, వైశాఖ బహుళ ఫలానా అని. ఆ క్షణానికి ఉన్న తిథి ఒక్కటే, గొడవ ఉండదు. సంవత్సరం పేరు జోలికి మాత్రం ముందు పంచాంగం చూసుకుని వెళ్లండి. మా పెళ్లి నాటిది విరోధి నామ సంవత్సరం. పెళ్లుంగరంలో “విరోధి” అని ఎవరు వేయించుకుంటారు?

ఇక అసలు నొప్పి. బిందెలో ఉంగరం తీసే ఆటకి కొత్త ఉంగరమే వేయమన్నాను, గొప్పగా. తీశాను, గెలిచాను, వేలికి మాత్రం ఎక్కలేదు. జనవరి చలిలో బర్మింగ్‌హామ్‌లో కొలిచిన వేలది, మే ఎండలో గుంటూరులో ఉబ్బిపోయింది. మా బావమరిది కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చాడు. వీడియోలో ఉంది ఇప్పటికీ.

పెద్దది చేయిద్దామని అమ్మ మా పాత కంసాలి దగ్గరికి పట్టుకెళ్లింది. ఆయన గీటురాయి మీద ఒక గీత గీసి, యాసిడ్ చుక్క వేసి, కళ్లజోడు పైకెత్తి నన్ను చూశాడు. “బాబూ, ఇందులో బంగారం కంటే రాగీ వెండీయే ఎక్కువ” అన్నాడు. లోపల 375 అని ముద్ర ఉంది, నేను మోడల్ నంబరేమో అనుకున్నాను. తొమ్మిది క్యారెట్లు, అంటే వెయ్యి పాళ్లలో 375 పాళ్లే బంగారం. మనకి అలవాటైన ఇరవై రెండు క్యారెట్లయితే 916 ఉండాలి. అమ్మ అక్కడే నిలబడి లెక్క కట్టింది, ఆ ముప్పై వేలకి రెండున్నర కాసులు వచ్చేవని. పదిహేనేళ్లు దాటింది, ఇంకా అంటుంది.

ఆయన ఉంగరం కోసి మధ్యలో చిన్న ముక్క అతికాడు. కోత సరిగ్గా మాట నడుమ పడింది. “బ్రహ్మ” ఒక వైపు, “ముడి” ఒక వైపు, మధ్యలో పచ్చటి అతుకు. మీరు చెక్కించేటప్పుడు ఒక వైపు కొంచెం జాగా ఖాళీగా వదలమని చెప్పండి. రేపు లావైతే అక్కడ కోసుకోవచ్చు. లావవుతారు, అనుమానం వద్దు.

అమ్మమ్మ గాజు ఇక్కడ కరిగించొద్దని నా మాట. పాత నగలో టంకం ఉంటుంది, అది కలిసి కరిగితే పోత గుల్లగా, పెళుసుగా వస్తుంది. అందుకే చాలా వర్క్‌షాపులు ఒప్పుకోవు. ఒప్పుకున్నా శుద్ధి చేయడానికి ఒక ఖర్చు, తరుగు ఒకటి, పైగా ఇక్కడి మజూరీ. మీ అమ్మానాన్నల్ని గుంటూరులో తెలిసిన కంసాలి ఎదురుగా కూర్చుని చేయించమనండి. సాదా పట్టీ చాలు. చెక్కడం కూడా అక్కడే తెలుగు చదవగలిగిన వాడి చేత అయిపోతుంది. ఇక్కడే చేయిస్తామంటే హాల్‌మార్క్ అడగండి. ఒక గ్రాము దాటిన బంగారం అమ్మాలంటే ఇక్కడ ఆ ముద్ర తప్పనిసరి, బర్మింగ్‌హామ్ ముద్రయితే లంగరు గుర్తు ఉంటుంది. వ్యాట్, కస్టమ్స్ లెక్కలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి, అవి మారుతూ ఉంటాయి.

అమ్మాయి నర్సు అన్నారు. వార్డులో మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న నియమంలో సాధారణంగా సాదా పెళ్లుంగరం ఒక్కదానికే మినహాయింపు. రాళ్లు పొదిగితే రోజూ తీసి లాకర్లో పెట్టాలి, ఏదో ఒక రోజు పోతుంది. అర్థం ఏదైనా ఉంటే లోపలి వైపే పెట్టుకోండి. రాళ్ల డబ్బు మిగిలినట్టే కదా.

ఇద్దరి వేళ్లూ వేడిగా ఉన్న రోజు, సాయంత్రం పూట కొలిపించుకోండి. చలికాలంలో కొలిస్తే కొబ్బరినూనె మీరే పట్టుకెళ్లాలి.