ముందు బైట్ల లెక్క తేల్చుకో

తమ్ముడూ,

న్యూక్లియో బోర్డు (ఎస్‌టీ కంపెనీ మైక్రోకంట్రోలర్ బోర్డు) నుంచి సెన్సార్ డేటా కంప్యూటర్‌కి పంపడానికి వేరే సీరియల్ మాడ్యూల్ కొనాలా అని అడిగావు. అక్కర్లేదు. బోర్డు మీదున్న ఎస్‌టీ-లింక్ అనే భాగం ప్రోగ్రామ్ ఎక్కించడంతో ఆగదు, అదే యూఎస్‌బీ కేబుల్ మీద కంప్యూటర్‌కి సీరియల్ పోర్టుగానూ కనబడుతుంది. నీ ఎఫ్446ఆర్ఈ బోర్డులో యూసార్ట్2 అనే సీరియల్ భాగానికి చెందిన పీఏ2, పీఏ3 పిన్నులు ముందే దానికి కలిపి ఉంటాయి. వాటిని ఇంకో పనికి వాడకు.

పోర్టు కనబడకపోతే మొదట కేబుల్ మార్చు. కొన్ని ఛార్జింగ్ కేబుళ్లలో డేటా తీగలుండవు, కానీ బోర్డు మీద లైటు వెలుగుతుంది కాబట్టి అనుమానం అటు పోదు. ఉబుంటులో పోర్టు కనబడుతూ తెరుచుకోకపోతే నీ యూజర్‌ని సీరియల్ పోర్టు వాడే అనుమతిచ్చే డయలౌట్ (dialout) గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవు.

అసలు చిక్కంతా వేగం దగ్గరే. 115200 బాడ్, అంటే సెకనుకి 115200 బిట్లు, పెద్ద అంకెలా ఉంటుంది గానీ, స్టార్ట్, స్టాప్ బిట్లతో ఒక్కో బైటుకి 10 బిట్లు పోతాయి. చేతికొచ్చేది సెకనుకి 11,520 బైట్లే. నీ సెన్సార్ సెకనుకి 1000 సార్లు మూడు అక్షాల విలువలిస్తోంది. సంఖ్యల్ని అక్షరాలుగా రాసి పంపే ప్రింట్ఎఫ్‌తో ఐదంకెల రుణ సంఖ్యలు మూడు, మధ్య కామాలు, చివర కొత్త లైనుకి రెండు బైట్లు (\r\n) పంపితే 22 బైట్లు. సెకనుకి 22,000! ఎలా పడుతుంది? అవే విలువల్ని 16 బిట్ల సంఖ్యలుగా పంపితే 6 బైట్లు. ముందు మొదలు తెలిపే రెండు గుర్తు బైట్లు, ఒక బైటు వరుస సంఖ్య, చివర తప్పులు పట్టే ఒక బైటు చెక్‌సమ్ కలిపినా 10 దాటదు. అయినా ఇరుకే, అందుకని బోర్డులోనూ కంప్యూటర్‌లోనూ 460800 పెట్టు.

పంపే పని డీఎంఏకి, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా తరలించే భాగానికి, అప్పగించు. 115200 దగ్గర ఆ 10 బైట్లు వెళ్లేసరికి 0.87 మిల్లీసెకన్లు అవుతుంది. అంతసేపూ ప్రాసెసర్ కాచుక్కూర్చుంటే సెన్సార్‌ని చదివేదెప్పుడు? ఇంటరప్ట్‌లో (ఏదైనా జరగ్గానే ఉన్న పని ఆపి నడిచే కోడ్‌లో) ప్రింట్ఎఫ్ మాత్రం వద్దే వద్దు.



సెన్సార్ జోలికి పోకుండా ముందు వట్టి వరుస సంఖ్యలే పంపు. పైథాన్‌లో చదివి ఎక్కడైనా తెగిందేమో చూడు. ఒక బైటులో 255 వరకే పడుతుంది కాబట్టి 255 తర్వాత 0 రావడం తెగడం కాదు. ఒక గంట తెగకుండా నడిచాక సెన్సార్ కలుపు.

నీ అన్నయ్య