థోత్‌ని చిత్రగుప్తుణ్ణి చేయకు

తమ్ముడూ,

నీ ఈజిప్టు కథ రెండుసార్లు చదివాను. బంగారు ముసుగు, సమాధి తెరిచినవాడికి శాపం... ఇవి సినిమాల్లో చాలా చూశాం, తీసెయ్. నాకు గుచ్చుకున్నది నాలుగో పేజీలో ఈజిప్టువాళ్ల లేఖక దేవుడి గురించిన ఒక్క వాక్యం: 'థోత్ అంటే వాళ్ల చిత్రగుప్తుడు.' చదివేవాడికి చటుక్కున అర్థమవుతుంది, నిజమే. కానీ కథ అక్కడే చచ్చింది.

చిత్రగుప్తుడి దగ్గర చిట్టా ఉంటుంది. మన లెక్క వేరే ఎవరో రాస్తారు. ఈజిప్టువాడి భయం అది కాదు. మమ్మీ చేసేటప్పుడు మెదడుని ముక్కులోంచి లాగి పారేసేవాళ్లు. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు తీసి విడిగా దాచేవాళ్లు. గుండెని మాత్రం ఒంట్లోనే ఉంచేవాళ్లు, ఎందుకంటే తెలివీ జ్ఞాపకం అందులోనే ఉంటాయని వాళ్ల నమ్మకం. చచ్చాక పరలోక దేవుడు ఒసిరిస్ ఎదుట తక్కెడలో ఒకవైపు ఆ గుండె, రెండోవైపు ధర్మదేవత మాత్ ఈక. తూకం తప్పితే మొసలి తల, సింహం ముంగాళ్లు, నీటిగుర్రం వెనకభాగం ఉన్న అమ్మిత్ దాన్ని మింగేస్తుంది. ఇక ఆ మనిషి లేనట్టే.

స్తోమత ఉన్నవాళ్ల ఛాతీ మీద పేడపురుగు ఆకారంలో ఒక రాయి పెట్టేవాళ్లు. దాని అడుగున మంత్రం చెక్కి ఉండేది. 'మా అమ్మ ఇచ్చిన నా గుండే, నా మీద సాక్ష్యం చెప్పకు' అని దాని భావం. చూశావా, తన గుండెనే బతిమాలుకుంటున్నాడు! 42 మంది దేవతల ముందు 'దొంగతనం చేయలేదు, తూకంలో మోసం చేయలేదు' అని ఒప్పజెప్పాలి. లోపలున్నదానికేమో అంతా తెలుసు. ఆ టెన్షన్‌ని నీ కథలో రాయి.

కథకి ఫారో, అంటే వాళ్ల రాజు, కూడా వద్దు. బ్రిటిష్ మ్యూజియంలో ఆనీ అనే లేఖకుడి పపైరస్, అంటే పరలోకంలో పనికొచ్చే మంత్రాలు రాసిన కాగితపు చుట్ట, ఉంది, సుమారు క్రీ.పూ. 1250 నాటిది. అందులో కొంత ముందే రాసిపెట్టి, ఖాళీల్లో అతని పేరు తర్వాత నింపారు. మన స్టాంపు కాగితాల్లాగే! నాకైతే ఫారో బంగారం కన్నా ఈ ఖాళీలే ఇష్టం.

పరలోకంలోనూ పొలం పని తప్పదు వాళ్లకి. 'ఫలానావాడు' అని పిలుపొస్తే 'నేనున్నాను' అని బదులు వెళ్లడానికి చిన్న బొమ్మలు పెట్టుకునేవాళ్లు. కొన్ని సమాధుల్లో రోజుకొకటి చొప్పున 365, వాటిని అదిలించడానికి 36 మేస్త్రీ బొమ్మలు. చచ్చాక కూడా కూలీలూ మేస్త్రీలే!

హైదరాబాద్ వస్తే ఫోన్ చెయ్. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది, కలిసి చూద్దాం. వచ్చేటప్పుడు నాలుగో పేజీ నుంచి తిరగరాసి పట్టుకురా.

నీ
అన్నయ్య