అక్కడ సప్లీలకు లెక్క ఉంటుంది

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ పూర్తి చేశాడు. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఎంఎస్ సీటొచ్చింది. ఫీజు ఉండదు, చదువంతా ఇంగ్లీషులోనే, ఖర్చులు పార్ట్‌టైమ్‌తో వెళ్లిపోతాయి అని కన్సల్టెన్సీలో చెప్పారు. బీటెక్‌లో వాడికి నాలుగు బ్యాక్‌లాగ్స్ పడ్డాయి, తర్వాత అన్నీ రాసేశాడు. ధైర్యంగా పంపొచ్చా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: పంపండమ్మా. కాకపోతే మీకు చెప్పిన మూడు మాటల్లో ఒకటి తప్పు, మిగతా రెండూ సగం నిజాలు.

ముందు ఫీజు సంగతి. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి పిల్లలు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. అంటే ఏడాదికి 3,000. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు నెలకు 992 చొప్పున చేతికొస్తాయి. గది అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోంచే. ఫీజు కూడా దాంట్లోంచే కట్టాలంటే నెలకు 250 తగ్గినట్టే. అందుకే మొదటి ఏడాది ఫీజు విడిగా పక్కన పెట్టండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు చాలకపోతే పిల్లలు మొదటి సెమిస్టర్ నుంచే గోడౌన్‌లో నైట్ షిఫ్టులకు వెళ్తారు. నాకు తెలిసిన ఒక అబ్బాయి అలాగే చేశాడు. తెల్లవారుజామున వచ్చి పడుకుంటే క్లాసులు పోయేవి. పైగా అక్కడ చాలా సబ్జెక్టుల్లో మన మిడ్స్, ఇంటర్నల్స్ లాంటివి ఉండవు. సెమిస్టర్ చివర్లో ఒక్కటే పరీక్ష, మొత్తం మార్కులూ దానికే. అటెండెన్స్ కూడా పెద్దగా అడగరు కాబట్టి వెనకబడ్డామని ఫిబ్రవరిలో పరీక్షలొచ్చేదాకా తెలియదు. ఆ అబ్బాయి ఒకే సబ్జెక్టు మూడుసార్లు తప్పాడు. యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరంలో ఉన్న మూడు మాటలు నాకు ఫోన్‌లో కూడబలుక్కుంటూ చదివాడు: ‘ఎండ్‌గ్యుల్టిష్ నిష్ట్ బెష్టాండెన్’. ఇక ఎప్పటికీ పాస్ కాలేడన్నట్టే. తప్పనిసరి సబ్జెక్టులో ఆ మాట పడితే కోర్సు నుంచి తీసేస్తారు. అదే కోర్సు జర్మనీలో ఇంకోచోట చదవడానికి కూడా సాధారణంగా వీలుండదు. అతని తల్లిదండ్రులకు అప్పటిదాకా ఈ రూలు ఉందనే తెలియదు.

మన దగ్గర కోర్సు గడువులోపు సప్లీ ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. అక్కడ రెండో మూడో అవకాశాలు, అంతే. ఎన్ని అనేది ఆ కోర్సు ‘ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్’లో, అంటే పరీక్షల రూల్స్‌లో రాసి ఉంటుంది. మీవాడి నాలుగు బ్యాక్‌లాగ్స్ చూసి నేను భయపడటం లేదు. పరీక్ష ముందు నాలుగు నైట్ అవుట్లు కొట్టి గట్టెక్కే అలవాటు ఉంటే మాత్రం అది ఇక్కడే వదిలెయ్యాలి. ప్రిపేర్ కాని పరీక్షకు గడువులోపు పేరు వెనక్కి తీసుకునే వీలు చాలా చోట్ల ఉంటుంది, మొహమాటపడకుండా వాడుకోమనండి. ‘ఫాహ్‌షాఫ్ట్’ అనే విద్యార్థి సంఘాల దగ్గర పాత ప్రశ్నపత్రాలు చాలాసార్లు దొరుకుతాయి. మన పిల్లలు మన పిల్లల్నే అడుగుతూ కూర్చుంటారు, అక్కడిదాకా వెళ్లరు.

చదువు ఇంగ్లీషులోనే, నిజమే. కానీ సిటీ ఆఫీసు ఉత్తరాలు, ఇంటి ఓనరు మాటలు, చాలా కంపెనీల ఇంటర్వ్యూలు జర్మన్‌లోనే. విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకునే వీలుంది, కానీ తన చదువుకు తగ్గ పని దొరకాలంటే జర్మన్ భాషలో మధ్యస్థాయి అయిన బీ1 అయినా రావాలి. అది రానివాళ్లే గోడౌన్లలో తేలుతున్నారు. వెళ్లేలోపు దాని కింది మెట్టు ఏ2 పూర్తి చేయించండి, హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉంది. అక్కడికెళ్లాక మొదట్లో చెవికి పట్టకపోతే కంగారు పడొద్దనండి. నల్గొండ మాట పుస్తకాల తెలుగులా ఉండనట్టే, స్టుట్‌గార్ట్ వాళ్ల ష్వేబిష్ యాస క్లాసులో నేర్చుకున్న జర్మన్‌లా ఉండదు.

గది కోసం ‘ష్టూడియెరెండెన్‌వెర్క్’ అనే విద్యార్థి సేవల సంస్థ హాస్టల్‌కు ఈరోజే అప్లై చేయించండి, వెయిటింగ్ లిస్ట్ పెద్దది. చూడని గదికి అడ్వాన్స్ పంపొద్దు.

ఈ వారంలో మీవాణ్ని యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోంచి ఆ పరీక్షల రూల్స్ డౌన్‌లోడ్ చేసి, ఒక్కో పరీక్షకు ఎన్ని అవకాశాలో ఉన్న పేరా మీకు తెలుగులో చదివి వినిపించమనండి. అర్థం కాకపోతే ఆ పేజీ నాకు పంపండి.